గోధుమ మానేస్తే ఇన్సులిన్ మానేయొచ్చా?

పాఠకుల ప్రశ్నలకు పిల్లల డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది పర్లాకిమిడి. మా బాబుకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. కిందటేడు దసరా సెలవుల్లో ఒకటే దాహం, రాత్రిళ్ళు పక్క తడిపేయడం మొదలైంది. బాత్రూంలో చీమలు పడుతున్నాయని మా అత్తగారే మొదట కనిపెట్టారు. బరంపురం తీసుకెళ్తే టైప్ 1 షుగర్ అన్నారు. అప్పటినుంచి రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. షుగరున్నవాళ్ళు అన్నం తినకూడదని మా అత్తగారు పొద్దున గోధుమరవ్వ ఉప్మా, రాత్రి చపాతీ పెట్టిస్తున్నారు. ఈమధ్య కడుపు ఉబ్బరం, నొప్పి అంటున్నాడు. బరువు పెరగడం లేదు. ఒక్కోసారి తిన్న గంటకే షుగర్ 60కి పడిపోతోంది. ఇంతలో విశాఖపట్నంలో ఉన్న మా మరిది ఒక వీడియో పంపాడు. గోధుమలో ఉండే గ్లూటెన్ పేగుని పాడుచేస్తుందనీ, పిల్లలకి షుగర్ రావడానికి అదే కారణమనీ, విదేశంలో ఒక బాబు గోధుమ మానేసి ఇన్సులిన్ కూడా మానేశాడనీ అందులో ఉంది. రెండు వారాలుగా ఇంట్లో గోధుమ ఆపేశాం. ఇన్సులిన్ కూడా కొంచెం తగ్గించి చూద్దామని మావారు అంటున్నారు. ఆయనకి కిరాణా కొట్టు. మాకు పాప కూడా ఉంది, ఐదో నెల. వచ్చే నెల అన్నప్రాశన. పాపకి గోధుమ అసలు అలవాటు చేయకపోతే షుగర్ రాకుండా ఉంటుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— పేరు వద్దన్నారు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీవారిని పిలిచి ఈ పేరా ఆయనకి చదివి వినిపించండి, మిగతాది తర్వాత చూద్దాం. ఇన్సులిన్ మీ అంతట మీరు తగ్గించకండి. టైప్ 1 అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయే షుగర్. ఆ పిల్లలకి సూది ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో ఆమ్లాలు పేరుకుంటాయి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా ఊపిరి తీయడం, మగత కనిపిస్తాయి. మన ఊళ్ళలో దాన్ని అజీర్తి అనుకుని ఓమ వాటరు పట్టించి ఒక రాత్రి పోగొట్టుకున్నవాళ్ళని నేను చూశాను. ఆ రాత్రి చాలా విలువైనది. ఇక షుగర్ 60కి పడిపోవడం గురించి. పడినప్పుడు రెండు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూడండి. డోసు మార్చాల్సి రావచ్చు, కానీ అది మీ డాక్టరు మీటరు రీడింగులు చూసి మార్చాలి. ఈ పత్రిక మూసేలోపు ఆయనకి ఫోన్ చేయండి.

ఇప్పుడు గోధుమ సంగతి. ఆ వీడియో నేను చూడలేదు గానీ అందులోని బాబు ఎవరో ఊహించగలను. డెన్మార్క్‌లో ఆరేళ్ళు నిండని ఒక పిల్లాడి కథ 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. షుగర్ బయటపడ్డ కొద్ది వారాలకే గ్లూటెన్ లేని తిండి మొదలుపెట్టారు. ఇరవై నెలలపాటు రోజువారీ ఇన్సులిన్ లేకుండా గడిచింది. నిజమే. అయితే అది ఒక్క పిల్లాడి సంగతి. టైప్ 1 బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకి చాలామంది పిల్లల్లో క్లోమంలో మిగిలిన బీటా కణాలు, అంటే ఇన్సులిన్ తయారుచేసే కణాలు, కాస్త తేరుకుంటాయి. ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోతుంది, అరుదుగా కొన్నాళ్ళు అక్కర్లేకుండా కూడా పోతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ అంటారు. ఆ సమయంలో ఎవరు ఏ కషాయం తాగిస్తే ఆ కషాయానికే పేరొస్తుంది. వేపాకు తాగించినవాళ్ళు వేపాకు గొప్ప అంటారు, తాయెత్తు కట్టించినవాళ్ళు తాయెత్తు గొప్ప అంటారు. డెన్మార్క్ పిల్లాడిలో గోధుమ మానేయడం ఆ హనీమూన్‌ని పొడిగించిందా, లేక అది దానంతటదే అంత పొడుగున్నదా అన్నది ఒక్క పిల్లాణ్ణి చూసి తేల్చలేం. ఆ తర్వాత డెన్మార్క్‌లోనూ చెక్ దేశంలోనూ చిన్న చిన్న ప్రయోగాలు చేశారు. సొంత ఇన్సులిన్ కాస్త నెమ్మదిగా తగ్గినట్టో, బయటి ఇన్సులిన్ కాస్త తక్కువ పట్టినట్టో సూచనలు కనిపించాయి. కానీ ఎవరు గోధుమ మానాలి, ఎవరు తినాలి అన్నది చీటీలు వేసి పంచలేదు. గోధుమ మాన్పించే ఓపిక ఉన్న తల్లిదండ్రులు మిగతా విషయాల్లోనూ ఎక్కువ శ్రద్ధ పెట్టి ఉండొచ్చు కదా.

మరి వీడియోలో చెప్పింది అంతా గాలి కబురేనా అంటే, కాదు. అందుకే ఇంత రాస్తున్నాను. గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ఒక ధాన్యం, ఆవాలు కాదు) గింజల్లో ఉండే మాంసకృత్తులు. చపాతీ పిండి సాగేది వాటివల్లే. మన కడుపు వాటిని పూర్తిగా అరిగించలేదు, కొన్ని పొడుగు ముక్కలు అలాగే చిన్నపేగులోకి దిగుతాయి. చాలామందికి వాటితో ఏ పేచీ లేదు. కొందరిలో మాత్రం పేగు గోడలో ఉండే టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్ ఆ ముక్కల్ని కొద్దిగా మారుస్తుంది. అప్పుడు వాళ్ళ కణాల మీదున్న డీక్యూ2, డీక్యూ8 అనే రకం ప్రోటీన్లు ఆ ముక్కని పట్టుకుని, పోలీసుకి ఫొటో చూపించినట్టు, రక్షక కణాలకి చూపిస్తాయి. రక్షక కణాలు దాన్ని శత్రువనుకుని దాడికి దిగుతాయి. ఆ గొడవలో దెబ్బతినేది పేగు లోపలి గోడే. ఇదే సీలియాక్ జబ్బు. నెదర్లాండ్స్‌లో విలెమ్ డికె అనే పిల్లల డాక్టరు ఈ జబ్బుకీ గోధుమకీ ఉన్న లంకె పట్టుకున్నాడు. 1944–45 చలికాలంలో అక్కడ కరువొచ్చి రొట్టె దొరక్కపోతే, ఈ పిల్లల ఆరోగ్యం కుదుటపడటం ఆయన అనుమానానికి బలమిచ్చింది. ఊరంతా ఆకలితో ఉన్నప్పుడు వీళ్ళు తేరుకోవడం ఎంత విచిత్రమో చూడండి.

ఇక్కడ మీ బాబుకి సంబంధించిన మాట వస్తుంది. ఆ డీక్యూ2, డీక్యూ8 రకాలే టైప్ 1 షుగర్ ప్రమాదాన్ని కూడా పెంచుతాయి. అందుకే రెండు జబ్బులూ ఒకే పిల్లాడిలో కలిసి కనిపించడం మామూలే. లోకంలో నూటికి ఒకరికి సీలియాక్ ఉంటుందనుకుంటే, టైప్ 1 ఉన్న పిల్లల్లో అది నూటికి అయిదారుగురి దాకా ఉంటుంది, కొన్ని చోట్ల అంతకన్నా ఎక్కువే. ఇంకో సంగతి. సీలియాక్ లేని టైప్ 1 పిల్లల పేగు ముక్కల్ని ఇటలీ శాస్త్రవేత్తలు పరీక్షించి 2004లో ఫలితం ప్రచురించారు. వాళ్ళ పేగు గోడలో రక్షక కణాలు మామూలు పిల్లల్లో కన్నా ఎక్కువగా ఉన్నాయి, గ్లూటెన్ ముక్క తగిలితే రెచ్చిపోయాయి కూడా. అంటే టైప్ 1 ఉన్న కొందరు పిల్లల పేగుకి గోధుమతో సరిపడటం లేదన్న మాట నిజం. షుగర్ జబ్బు రావడానికే ఎలుకల్లో పుట్టించిన ఒక జాతి ఉంది, వాటికి గ్లూటెన్ లేని మేత పెడితే తక్కువ ఎలుకలకే షుగర్ వచ్చింది. ఇంతవరకూ శాస్త్రం. కానీ పేగులో రక్షక కణాలు కోపంగా ఉన్నాయి కాబట్టి క్లోమాన్ని కాల్చింది గోధుమే అని చెప్పడానికి ఇది చాలదు. క్లోమం చెడటం వల్ల పేగు అలా ఉందా, పేగు వల్ల క్లోమం చెడిందా, రెండూ ఒకే జన్యువుల పుణ్యమా అన్నది ఇంకా తేలాలి. వీడియో చేసినాయన ఈ మెట్లన్నీ ఎక్కకుండా నేరుగా డాబా మీదకి దూకేశాడు.

మీ ఇంట్లో జరిగింది ఇంకో వింత. షుగర్ అంటే అన్నం మాని చపాతీ తినాలన్నది పెద్దవాళ్ళ షుగర్ నుంచి వచ్చిన అలవాటు. అక్కడా అందులో పస తక్కువే. 30 గ్రాముల పిండితో చేసిన ఒక చపాతీలో పిండిపదార్థం సుమారు 20 గ్రాములు. 70 గ్రాముల అన్నంలోనూ అంతే. ఎంత తింటున్నాడో దాన్ని బట్టి ఇన్సులిన్ లెక్క కట్టాలి గానీ, అన్నానికి ఆ ఇంట్లో నిషేధం అక్కర్లేదు. పెరిగే పిల్లాడు, చుట్టూ అందరూ అన్నం తింటుంటే తానొక్కడే చపాతీ నమలడం చూస్తుంటే నాకు బాధ. మీ అత్తగారి మీద నాకు కోపం లేదులెండి. చీమల్ని కనిపెట్టింది ఆవిడే. ఆవిడ ఆలస్యం చేసి ఉంటే మనం ఈ ఉత్తరాలు రాసుకునే స్థితిలో ఉండేవాళ్ళం కాదు.

అయితే అన్నం తినే మనకి సీలియాక్ రాదు అని చాలామంది డాక్టర్లు కూడా అనుకుంటారు. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తర భారతం, ఈశాన్యం, దక్షిణం మూడుచోట్లా పెద్దవాళ్ళని పరీక్షించారు. సీలియాక్ ఉత్తరాదిలో వెయ్యికి ఎనిమిది తొమ్మిది మందికి ఉంటే, దక్షిణాదిలో పదివేలకి ఒకరికే. జన్యువుల్లో అంత తేడా లేదు, తేడా అంతా పళ్ళెంలో ఉంది. ఉత్తరాదివాళ్ళు రోజుకి 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదిలో 25 గ్రాములే. మనం ఆంధ్రకి ఒడిశాకి మధ్య కూర్చున్నవాళ్ళం, రెండు పక్కలా వరి అన్నమే. కానీ నేటి పిల్లలు తినేది చూడండి. పొద్దున ఉప్మా, బళ్ళో బిస్కెట్లు, సాయంత్రం నూడుల్స్, పాలలో మాల్ట్ పొడి. మీ బాబుకి దీనికి తోడు రెండు పూటలా గోధుమ. కాబట్టి మన ఇంటావంటా లేదులే అనే ధైర్యం మీ బాబు విషయంలో పనికిరాదు.

మీరు రాసిన ఉబ్బరం, బరువు పెరగకపోవడం, తిన్నాక షుగర్ పడిపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే సీలియాక్ ఉందేమో చూడాల్సిందే. పేగు గోడ దెబ్బతింటే తిన్నది సరిగ్గా ఒంటబట్టదు, ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది, షుగర్ పడిపోతుంది. ఇదే కారణమని కాదు. సూది ఎప్పుడూ ఒకేచోట పొడిచి అక్కడ మెత్తటి గడ్డలా తేలితే కూడా ఇన్సులిన్ ఇష్టం వచ్చినట్టు పనిచేస్తుంది. పొట్టమీద, తొడలమీద చెయ్యి పెట్టి నిమిరి చూడండి.

పరీక్ష రక్తంతో చేసేదే. టీటీజీ ఐజీఏ అంటారు. ఇందాక చెప్పిన టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ మీద దాడికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు, రక్తంలో ఉన్నాయేమో ఇది చూస్తుంది. ఐజీఏ అన్నది యాంటీబాడీల్లో ఒక రకం. దానితోపాటు మొత్తం ఐజీఏ కూడా చూడమని అడగండి. ఐజీఏ పుట్టుకతోనే తక్కువున్న పిల్లల్లో మొదటి పరీక్ష ఉత్తినే నార్మల్ అని వచ్చేస్తుంది. టైప్ 1 పిల్లలందరికీ ఈ పరీక్ష జబ్బు బయటపడ్డప్పుడూ, రెండేళ్ళకీ, అయిదేళ్ళకీ చేయాలన్నది అంతర్జాతీయ పిల్లల మధుమేహ సంఘం చెప్పే పద్ధతి. మీ పాత కాగితాల్లో ఉందేమో వెతకండి. లేకపోతే ఇప్పుడు చేయించండి. థైరాయిడ్ కూడా పనిలోపనిగా చూపించండి, అదీ ఈ పిల్లల్లో ఎక్కువే.

అయితే ఇక్కడే మీరు తొందరపడ్డారు. ఈ పరీక్షకి పిల్లాడు గోధుమ తింటూ ఉండాలి. మానేసి నెలలు గడిస్తే యాంటీబాడీలు దిగిపోతాయి, జబ్బున్నా పరీక్షలో కనిపించదు. రెండు వారాలే కాబట్టి పెద్దగా నష్టం లేదు. ఇంక రోజులు గడవనివ్వకుండా ఈ వారంలోనే రక్తం ఇవ్వండి, గోధుమ ఆపిన సంగతి డాక్టరుకి చెప్పండి, ఆయన వద్దనేదాకా మళ్ళీ మామూలుగా కొంచెం పెట్టండి. టీటీజీ ఎక్కువగా వస్తే పిల్లల పేగు డాక్టరు దగ్గరికి పంపిస్తారు. చాలామందికి ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి గోరంత కూడా లేని ముక్కలు తీసి చూస్తారు. మత్తిచ్చి చేస్తారు, బాబుకి నొప్పి తెలియదు. ఆ రోజు ఖాళీ కడుపుతో ఉండాలి కాబట్టి ఇన్సులిన్ ఎలా ఇవ్వాలో ముందురోజే రాయించుకోండి. ఆ ముక్క అడగడం మనవాళ్ళు తరచూ మర్చిపోతారు.

సీలియాక్ అని తేలితే మాత్రం గోధుమ పూర్తిగా, జీవితాంతం మానాలి. పండక్కి ఒక్క ముక్క అనే మినహాయింపు ఉండదు. పేగు మానాక తిన్నది ఒంటబడుతుంది కాబట్టి ఇన్సులిన్ అవసరం కొంత పెరగొచ్చు, తగ్గదు. వీడియోకి పూర్తి వ్యతిరేకం, చూశారా. అప్పుడు మీవారి కిరాణా కొట్టు మీకు వరం. మైదా, రవ్వ, సేమ్యా, రస్కులు, బిస్కెట్లు ఎలాగూ తెలుస్తాయి. తెలియనివి వేరే ఉన్నాయి. బజారులో దొరికే ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. హార్లిక్స్‌లాంటి పొడుల్లో గోధుమ, బార్లీ మాల్ట్ ఉంటాయి. సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది. పొట్లం వెనక సన్నటి అక్షరాలు ఆయన చేత చదివించండి. గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకి లోపే ఉండాలని మన దేశపు ఆహార నిబంధన. పిండి మరలో గోధుమ ఆడిన వెంటనే మీ బియ్యం పోస్తే ఆ పిండి పనికిరాదు, ఇంట్లో మిక్సీలో ఆడుకోండి.

తినడానికి ఏముంటుందని భయపడకండి. అన్నం, ఇడ్లీ, దోసె, పెసరట్టు, అటుకులు, జొన్నరొట్టె, చోడి అంబలి, అంటే మీ ఒడియా ఇరుగుపొరుగు మండియా అనేదే, అన్నీ గోధుమ లేనివే. మరమరాలు కూడా. కాకపోతే మరమరాలూ, అంబలీ షుగర్‌ని త్వరగా పెంచుతాయి, గ్లూటెన్ లేదు కదా అని గిన్నెడు పెట్టేయకూడదు. మార్కెట్‌లో గ్లూటెన్ ఫ్రీ అని అమ్మే ఖరీదైన బిస్కెట్ల జోలికి వెళ్ళాల్సిన పని మనలాంటివాళ్ళకి లేదు. పంజాబు తల్లికి ఇది పెద్ద కష్టం, మనకి కాదు.

పరీక్ష నార్మల్ వస్తే? అప్పుడు గోధుమ మాన్పించమని నేను చెప్పను. బాబు ఇష్టపడితే తింటాడు, లేకపోతే లేదు. కడుపునొప్పికి వేరే కారణం వెతకాలి.

ఇక పాప. అన్న లేదా అక్కకి టైప్ 1 ఉంటే తోబుట్టువుకి వచ్చే అవకాశం ఇరవైలో ఒకటి అని లెక్క. ఇరవైలో పంతొమ్మిది రాదనే కదా. గోధుమ ఆలస్యం చేస్తే మేలా అన్నది జర్మనీలో సరిగ్గా మీలాంటి ఇళ్ళల్లోనే పరీక్షించారు. ప్రమాదం ఎక్కువున్న 150 మంది పసిపిల్లల్లో సగం మందికి ఆరో నెలలో గ్లూటెన్ మొదలుపెట్టి, సగం మందికి ఏడాది దాకా ఆపారు. 2011లో ఫలితం వచ్చింది, తేడా ఏమీ లేదు. మరీ తొందర మాత్రం మంచిది కాదు. మూడు నెలల లోపే గింజధాన్యాలు, గ్లూటెన్ మొదలుపెట్టిన పిల్లల్లో క్లోమం మీద యాంటీబాడీలు ఎక్కువ కనిపించాయని 2003లో అమెరికా నుంచీ జర్మనీ నుంచీ రెండు అధ్యయనాలు వచ్చాయి. ఆరు నెలలూ మీ పాలే ఇవ్వండి. అన్నప్రాశనకి పరమాన్నం నాకించండి. తర్వాత పప్పన్నం, గుడ్డు, అరటిపండు అలవాటయ్యే కొద్దీ మధ్యలో కొద్దిగా ఉప్మా కూడా రానివ్వండి, దాచిపెట్టకండి. బాబుకి సీలియాక్ తేలితే పాపకి కూడా, గోధుమ తినడం మొదలుపెట్టి కొన్నాళ్ళయ్యాక, ఆ రక్తపరీక్ష చేయించాలి.

మీ మరిదిగారిని తిట్టకండి. ఆయన పంపకపోతే టీటీజీ సంగతి మన మధ్యకి వచ్చేది కాదు.

ప్రశ్న: నాకు పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది. ఇప్పుడు తొమ్మిదేళ్ళ మనవరాలికి వచ్చింది. నా వల్లే వచ్చిందని కోడలు అనుకుంటోంది, పైకి అనదు. నేను వేసుకునే మాత్రలే ఇస్తే సూదులు తప్పుతాయా?
— ఒక తాతగారు, రాయగడ

జవాబు: తాతగారూ, మీది టైప్ 2, పాపది టైప్ 1. పేరొకటే గానీ జబ్బులు వేరు. మీ ఒంట్లో ఇన్సులిన్ ఉంది, పనిచేయడం లేదు. పాప ఒంట్లో ఆ కణాల్నే సొంత రక్షణ వ్యవస్థ చంపేసింది. మీ మాత్రలు ఉన్న ఇన్సులిన్‌తో పని చేయించేవి, లేనిదాన్ని పుట్టించలేవు. ఇవ్వకండి. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవాళ్ళు కారు. పాపకి ఆ సూది ఒక్కటే దారి. మీ వల్ల రాలేదని కోడలికి ఈ పేజీ చూపించండి. మీకు చేతనైన సాయం ఒకటుంది. మీ ఊళ్ళో కరెంటు పోతుంటుంది, ఎండాకాలం వాడుతున్న ఇన్సులిన్ సీసా చెడిపోకుండా మూతున్న చిన్న డబ్బాలో పెట్టి, నీళ్ళు చిమ్మిన మట్టికుండలో ఉంచే బాధ్యత మీరు తీసుకోండి. తెరిచిన సీసాని నాలుగు వారాలు దాటి వాడకూడదు, తెరిచిన తేదీ దానిమీద రాసిపెట్టండి.

ప్రశ్న: నాకు ఐదో నెల. మా అక్క కొడుక్కి టైప్ 1 షుగర్. గర్భంతో ఉన్నప్పుడు గోధుమ తింటే పుట్టే బిడ్డకి షుగర్ వస్తుందని చదివాను. మానేయనా?
— బరంపురం నుంచి ఒక సోదరి

జవాబు: మీరు చదివింది డెన్మార్క్ అధ్యయనం అయి ఉంటుంది, 2018లో వచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు రోజుకి 20 గ్రాములు, ఆ పైన గ్లూటెన్ తిన్న తల్లుల పిల్లల్లో, 7 గ్రాముల లోపు తిన్నవాళ్ళ పిల్లల కన్నా టైప్ 1 రెట్టింపు కనిపించింది. రెండేళ్ళకి నార్వేలో ఇంకా పెద్ద అధ్యయనం చేస్తే తల్లి తిన్నదానికి సంబంధం కనిపించలేదు, బిడ్డ ఏడాదిన్నర వయసులో తిన్నదానికి కొంత కనిపించింది. ఇలా ఒకదానికొకటి పొసగనప్పుడు గర్భిణి తిండి మీద నేను కత్తెర వేయను. పైగా మీరు బరంపురంలో రోజూ రెండు పూటలా అన్నం తినే మనిషి. ఎప్పుడో రెండు చపాతీలు తిన్నా డెన్మార్క్ తల్లుల రొట్టెల లెక్కకి మీరు ఎక్కడా అందరు. మామూలుగా తినండి. ఐదో నెల కాబట్టి 24, 28 వారాల మధ్య మీ షుగర్ పరీక్ష ఒకటి ఉంటుంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి రక్తం తీస్తారు. మన ప్రభుత్వ పద్ధతిలో దానికి ఖాళీ కడుపుతో రావాల్సిన పనిలేదు, భయపడి ఎగ్గొట్టకండి.